బోరింగు మీది రాత

కబేళా వెనక కాలనీలో ఎనిమిదేళ్ల పిల్ల వాంతులూ విరేచనాలతో చనిపోయింది. మూడో రోజున కైలాసం తన గురువు రాజలింగ దాసు దగ్గరికి వచ్చాడు. కైలాసం కాలేజీలో రసాయన శాస్త్రం చెబుతాడు. చేతిలో రెండు కాగితాలున్నాయి.

"అయ్యా, నా తప్పేం లేదు" అన్నాడు కూర్చోకముందే.

దాసు చాప చూపించాడు.

"వైశాఖంలో ఆ కాలనీ బోరింగు నీళ్లు నేనే పరీక్ష చేశాను. మంచివే. అందుకే 'ఈ నీళ్లు తాగవచ్చు' అని రేకు మీద రాయించి బోరింగుకు కట్టాను. ఎండాకాలం నీళ్లు లోతున ఉంటాయి. వానలు పడ్డాయి, పైకొచ్చాయి. కబేళా గుంతల్లో ఇన్నాళ్లూ ఇంకిన నెత్తురూ పేడా వాటిలో కలిశాయి. మారింది నీళ్లు. నా పరీక్ష తప్పు కాదు."

రెండు కాగితాలూ పక్కపక్కన పరిచాడు.

"ఈ రెండో పరీక్ష ఎప్పుడు చేశావు?" అడిగాడు దాసు.

"నిన్న."

దాసు కాగితాల వంక చూడలేదు. చెప్పులేసుకుని బయటికి నడిచాడు. కైలాసం కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని వెనకే వెళ్లాడు.

కాలనీలో ఆ పిల్ల తల్లి ఓదెమ్మ గడపలో కూర్చుని ఉంది. ఇద్దరినీ చూసి లేచి మంచం వాల్చింది. రెండు గ్లాసులతో నీళ్లు తెచ్చింది.

"కాచిన నీళ్లే, తాగుండ్రి" అంది. "ఇప్పుడు కాస్తున్నం."

దాసు తాగాడు. కైలాసం గ్లాసు పట్టుకున్నాడే గాని పెదవుల దాకా పోనీయలేదు. ఆమె తిడితే బాగుండుననిపించింది. తిడితే నీళ్ల సంగతి విడమరిచి చెప్పొచ్చు.

"అమ్మా, ఆ రేకు మీద రాయించింది నేనే."

ఓదెమ్మ తిట్టలేదు.

"నాకు సదువు రాదు సారూ. నీళ్లు వాసనొస్తున్నయి, వద్దే అన్న. నా బిడ్డనే పోయి ఆ రేకు సదివొచ్చింది. మంచియేనంటమ్మా, అన్నది."

కైలాసం గ్లాసు కింద పెట్టాడు. ఇక పోదామన్నట్టు గురువు వంక చూశాడు.

దాసు లేచి ఓదెమ్మకు దండం పెట్టాడు.

"నేను పోతా" అన్నాడు శిష్యుడితో. "నువ్వు కూర్చో."