గుయ్ మానని పెట్టె

చీపురుపల్లి అవతల రెల్లివలసలో ఒక ఇంట్లో తెలివి బోలెడంత ఉంది. ఎంత ఉందంటే, అరిగిపోతుందని వాడరు. "అందరిలా మా తెలివి చిల్లరగా ఖర్చు పెట్టం" అని వాళ్లే చెప్పుకుంటారు. నిజమే, ఖర్చు పెట్టగా ఎవరూ చూడలేదు.

పెద్దది పైడమ్మ, తమ్ముళ్లకి అప్ప. పాడుతుంది. ఆమె తమ్ముడు సూరప్పడు పెట్టె వాయిస్తాడు. అందరికన్నా చిన్నవాడు తాతబాబు. మీసాలొచ్చినా కితకితలు పోలేదు, గాలి తగిలినా కిలకిలమంటాడు.

పెట్టె అంటే సింథసైజరు. పోపుల డబ్బాకి అన్నగారంత ఉంటుంది. ముందు బుల్లి మెట్లు, పైన వరసగా మరలు. ఒక మర తిప్పితే సన్నాయి, ఇంకోటి తిప్పితే ఈల. మూతపడ్డ ఆర్కెస్ట్రా వాళ్ల దగ్గర కొన్నారు. ప్లగ్గు పెడితే చాలు, పాటకంటే ముందు అదే "గుయ్‌య్‌య్" అని అందుకుంటుంది. పైడమ్మ రోజూ పొద్దున్నే ఆ గుయ్ పక్కన కూర్చునే గొంతు సవరించుకునేది.

అమ్మవారి జాతర వచ్చింది. కమిటీ పెద్ద బంగారునాయుడు గుమ్మంలోకొచ్చి చెప్పాడు.

"పైడమ్మా, రేపు సాయంత్రం ఆరింటికి స్టేజీ నీకే. కానీ ఆ గుయ్ నా చెవిన పడిందా, దింపేసి రాజాం పార్టీని ఎక్కిస్తాను. మళ్లీ ఏడ్చి లాభం లేదు."

పైడమ్మకి ఆ స్టేజీ మామూలుది కాదు. ఇన్నేళ్లూ పెళ్లిపందిళ్ల వెనక, గాడిపొయ్యి దగ్గర, వంటవాళ్లకి పాడింది. గరిటెల చప్పుడే తప్ప చప్పట్లెరగదు. సొంతూరి స్టేజీ ఎక్కాలని ఆమె ఆశ. అంతే, తెల్లారగానే విజయనగరంలో పెట్టెలు బాగుచేసే ఇస్మాయిల్ గారికి ఫోను కొట్టింది.

"బాబూ, మా పెట్టె గుయ్యంటంది."

"ఆ ప్లగ్గు బోర్డుకి ఇంకేమున్నాయమ్మా?"

"ఫ్రిజ్జుంది, ట్యూబులైటుంది, మిక్సీ ఉంది, తాతబాబు సెల్లు ఉంది."

"అదీ సంగతి! బోర్డుకి ఉన్నవన్నీ పీకేసి చూడండి."

ఇంకేముంది, అన్నీ పీకేశారు. అన్నీ అంటే అన్నీ. చివర పెట్టె ప్లగ్గు కూడా పీకాడు సూరప్పడు. గుయ్ టక్కున ఆగింది.

"అప్పా! పోయింది!"

ముగ్గురూ ఒకరినొకరు వాటేసుకున్నారు. సూరప్పడు మెట్టు నొక్కాడు. కిక్కురుమనలేదు.

"గుయ్‌తోపాటు పాట కూడా ఎల్లిపోయిందిరా," అంది పైడమ్మ. "రెండూ ఒకే కాపరం చేస్తన్నాయేమో."

మళ్లీ ఫోను. ఇస్మాయిల్ గారు నుదురు కొట్టుకున్న చప్పుడు ఇక్కడిదాకా వినిపించింది.

"పెట్టెది ఉంచాలమ్మా! సరే, స్పీకరుకెళ్లే పాట తీగ కరెంటు తీగని రాసుకుంటూ ఉందేమో చూడండి. రెండిటినీ ఎంత దూరం జరిపితే అంత మంచిది."

ఎంత దూరమైతే అంత మంచిదన్నాక మూరెడు జరిపి ఊరుకుంటే అది మామూలు వాళ్ల తెలివి. తాతబాబు స్పీకరు నెత్తినెట్టుకుని వీధి చివరికి బయల్దేరాడు. తీగ చాల్లేదు. అంతే, పెరట్లో బట్టలారేసుకునే ఇనపతీగ విప్పి, దాన్ని దీనికి ముడేశారు. ఆరేసిన లంగాలు కూడా తియ్యలేదు. వాటికేం, పాటకి అడ్డమా?

స్పీకరు ఒక్కసారిగా గొంతు విప్పింది. గుయ్ కాదు, గుర్రుమంది. ఆ గుర్రులోంచి ఎవరో రేడియో మనిషి మాట్లాడాడు. "కిలో వంకాయ ముప్ఫై, బెండ నలభై..."

"అప్పోయ్, పెట్టెకి మాటలొచ్చీసినాయి!" అని అరిచాడు తాతబాబు వీధి చివరినుంచి.

"వంకాయ ఎంతంటందిరా?"

"ముప్ఫై!"

"మొన్న నాకు నలభైకిచ్చాడు సచ్చినోడు!" అని పైడమ్మ పాట సంగతి మరిచి బజారుకెళ్లి వంకాయలాడితో ఒక పూట జగడమాడి వచ్చింది. గెలిచింది కూడా. ఈ ఇంట్లో తెలివి లేదని ఎవరన్నారు?

మధ్యాన్నం మళ్లీ ఫోను. ఇస్మాయిల్ గారికి ఓపిక అడుగంటింది.

"కరెంటే వద్దమ్మా మీకు. వెనక మూత తియ్యండి, కొత్త బ్యాటరీలు వెయ్యండి. ప్లస్సూ మైనస్సూ చూసుకుని వెయ్యండి. గుయ్యనే పనే ఉండదు."

కొత్తవెక్కడున్నాయి? గోడ గడియారంలో ఉన్నాయి. టీవీ రిమోట్‌లో ఉన్నాయి. పక్కింటి పిల్లాడి బొమ్మకారులోవి ఊడపీక్కొచ్చారు. సూరప్పడు ఒక్కో బ్యాటరీ కళ్లకి దగ్గరగా పెట్టుకుని ప్లస్సు చూశాడు, మైనస్సు చూశాడు, చూసి చూసి తనకి తోచినట్టు లోపలికి తోశాడు. పెట్టె పలకలేదు.

"సూసుకునే వేశావా?"

"రెండుసార్లు సూశానప్పా. కావాలంటే నువ్వూ సూడు." పైడమ్మ కూడా చూసింది. తాతబాబూ చూశాడు. ముగ్గురు చూసినా పలకని పెట్టెనేం చేస్తారు?

"పెట్టె అలిగినట్టుంది. టైముందిగా, కాసేపాగి సూద్దాం," అంది పైడమ్మ. గోడ గడియారం నాలుగు చూపిస్తోంది. తీరిగ్గా టీ తాగారు. గడియారం నాలుగు. వంకాయ కూర వండుకున్నారు. నాలుగే.

"ఇవాళ ఎంత నిదానమైన రోజురా!" అని పైడమ్మ కొప్పు మళ్లీ మొదట్నించీ ముడుచుకుంటోంది. అప్పుడు బంగారునాయుడు తలుపు బాదాడు.

"ఆరైంది! వస్తారా, రాజాం వాళ్లని ఎక్కించమంటారా?"

ఇంకేముంది, పెట్టె చంకనెట్టుకుని పరుగు. స్టేజీ మెట్ల మీద సూరప్పడు బోర్లాపడ్డాడు. బ్యాటరీలు చిందరవందరయ్యాయి. బంగారునాయుడే విసుక్కుంటూ ఏరాడు. "గీతలున్నాయి కదరా గుడ్డోడా, ప్లస్సు ఇటు, మైనస్సు అటు!" అని వరసగా పెట్టి మూతేశాడు. సూరప్పడు నోరెళ్లబెట్టాడు. "ఓహో! సూసినట్టే ఎయ్యాల కూడానా!"

స్పీకరు తగిలించారు. గుయ్ లేదు. మెట్టు నొక్కితే సన్నాయి తేనెలా వచ్చింది. ఊరంతా ముందుంది. పైడమ్మ నోరు తెరిచింది. గొంతు ఎక్కడ ఆనాలో తెలియలేదు. ఒకసారి పైకి పోయింది, ఒకసారి నూతిలో పడింది. జనం నవ్వారు.

"ఒరే," అని తమ్ముళ్ల వైపు తిరిగింది, కళ్లలో నీళ్లు. "ఆ గుయ్యే నా శ్రుతిరా! అది లేకపోతే నేనెక్కడ నిలబడతాను?"

తాతబాబు జీవితంలో మొదటిసారి తెలివి ఖర్చు పెట్టాడు. ఇంకో మైకు లాక్కుని పెదాలు బిగించాడు. "గుయ్‌య్‌య్‌య్..."

పైడమ్మ ఆ గుయ్ మీద కాలు మోపి నిలబడింది. ఏం పాడిందనీ! గరిటెల మధ్య నలిగిన గొంతు ఊరి మీదుగా ఎగిరింది. పాట అయ్యేసరికి చప్పట్లు.

బంగారునాయుడు మాత్రం పరుగెత్తుకొచ్చాడు. "గుయ్యంటంది! నే చెప్పానా లేదా?"

"పెట్టె కాదు బాబూ, పెట్టె బాగైపోయింది. గుయ్యంటంది మా తాతబాబు."

"ఎవరైతే నాకేం? గుయ్ ఆగితేనే రెండో పాట!"

పైడమ్మ స్టేజీ మీదే ఇస్మాయిల్ గారికి ఫోను చేసింది. "బాబూ, గుయ్ ఎక్కడినుంచొస్తందో దొరికింది, మా..."

అవతల ఇస్మాయిల్ గారు అన్నం ముందు కూర్చున్నారు. మిగతాది వినలేదు. "దొరికిందా? అయితే బ్యాటరీలు మార్చెయ్యండమ్మా, మళ్లీ నాకు ఫోను చెయ్యొద్దు!"

అంతే. సూరప్పడు తాతబాబు నోరు తెరిపించి లోపలంతా వెతికాడు. జాగా దొరకలేదు. చొక్కా ఎత్తి, పెట్టెలో పట్టక జేబులో మిగిలిన బ్యాటరీలు రెండు చంకల్లో చెరోటి దోపాడు. ఈసారి ఒట్టినే చూడలేదు, ప్లస్సు పైకి, మైనస్సు కిందికి, పద్ధతిగా పెట్టాడు. చల్లటి బ్యాటరీలు తగిలేసరికి తాతబాబుకి కితకితలు. "గుయ్‌హిహిహి, గుయ్‌హిహిహి" అని స్టేజీ మీద మెలికలు తిరిగాడు.

"ఆహా, ఏం గమకం!" అన్నాడు ముందు వరసలో ఒక ముసలాయన. జనం ఈలలేశారు. బంగారునాయుడు తలపట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

పైడమ్మ కొంగు దులిపి, మైకు అందుకుని ఊరందరికీ చెప్పింది.

"సూశారా, కొత్తవి ఏస్తే ఎంత తేడానో! ఇంక రెండో పాట."