ఏదమ్మా, ఏదీ నా బొంత?

అనగనగా ఒక కొండమీది అడవిలో, చలికాలం వస్తే ఏనుగుకు కూడా తొండమంతా జలుబు చేసే చోట, ఒక ఏదుపంది ఉండేది. ఏదుపంది అంటే ఏమిటో అనుకునేరు, వీపంతా ముళ్లుండే ముళ్లపందేనర్రా. దాని పేరు ఏదమ్మ.

ఏదమ్మ పని బొంతలు కుట్టడం. ఊరి చివర చాకిరేవు దగ్గర చిరిగి పడిపోయిన గుడ్డపేలికల్ని కాకి ముక్కున కరుచుకొచ్చి ఇచ్చేది. ఏదమ్మ వాటిని ఒకదానికొకటి అతికించి, కిందొక పొర, పైనొక పొర పరిచి, మధ్యలో బూరుగు దూది పెట్టి, నారతో కుట్టేది. మరి సూది ఎక్కడిదంటారా? సూది కోసం ఆవిడ ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. వీపు మీద ఇరవై ఆరు గట్టి ముళ్లున్నాయి. ఒక ముల్లు పీక్కుని దాని చివర చిన్న బెజ్జం చేసుకుంటే సూది తయారు.

ఏదమ్మ చేతి పనితనం గొప్పది. ఎర్ర ముక్క పక్కన పసుపు పెట్టాలా, ఆకుపచ్చ పెట్టాలా అనేది ఆవిడకు చూడగానే తెలిసిపోయేది. కొత్త బొంత మొదలుపెడుతుందంటే చాలు, తిండి కూడా గుర్తుండేది కాదు. వచ్చిన చిక్కల్లా ఒకటే. మొదలైన బొంతలు చాలా ఉన్నాయి. పూర్తయిన బొంత మాత్రం ఒక్కటీ లేదు.

ఎందుకంటారా? ముక్కలు ఏరడం సరదా. రంగులు కలపడం సరదా. ఆ తర్వాత మధ్యలో కుట్టు వస్తుంది. ఈ చివరి నుంచి ఆ చివరికి, మళ్లీ ఆ చివరి నుంచి ఈ చివరికి, ఒకేలాంటి చిన్న చిన్న కుట్లు. నడుము లాగుతుంది. ఆవులింతలొస్తాయి. ఎంత కుట్టినా కుట్టినట్టే ఉండదు. సరిగ్గా అప్పుడే కాకి వచ్చి వాలేది.

"వదినా, ఇది చూడు. ఈ రంగు ఎప్పుడైనా చూశావా?"

చూడగానే ఏదమ్మ మనసు కొత్త ముక్క మీదికి పోయేది. చేతిలో ఉన్న బొంతను పక్కన పెట్టేసేది. సూది తీసేస్తే కుట్టు ఎక్కడ ఆపానో మర్చిపోతానని దాన్ని బొంతలోనే గుచ్చి వదిలేసేది. కొత్త బొంతకు కొత్త ముల్లు పీక్కునేది. ఒక ముల్లు పోతే ఏమైంది, మళ్లీ మొలుస్తుందిలే అనుకునేది. ముల్లు మొలవడానికి ఎన్ని నెలలు పడుతుందో ఆవిడ ఎప్పుడూ లెక్క చూసుకోలేదు.

మొదటి బొంత కుందేలమ్మది. అప్పుడు దానికి నాలుగు పిల్లలు. కళ్లు తెరిచి పట్టుమని పది రోజులు కూడా కాలేదు. వాటికోసం ఏదమ్మ లేత గులాబీ, లేత నీలం ముక్కలు ఏరి చిన్న బొంత మొదలుపెట్టింది. అంచు ఒక్కటే మిగిలింది. అంతలో కాకి మిరపపండు రంగు పేలిక తెచ్చింది. చిన్న బొంత పక్కకు పోయింది.

రెండోది కొండముచ్చు తాతది. తాత ముసలివాడు. చలికి మోకాళ్లు పట్టేస్తాయి. "రంగులూ గింగులూ నాకెందుకమ్మా, మందంగా ఉంటే చాలు" అన్నాడు. ఏదమ్మ మట్టిరంగు ముక్కలతో పెద్ద బొంత మొదలుపెట్టింది. సగం కుట్టింది. మట్టిరంగు మీద మట్టిరంగు నార కుట్టీ కుట్టీ విసుగొచ్చింది. అంతలో కాకి నెమలికంఠం రంగు ముక్క తెచ్చింది. తాత బొంత కూడా పక్కకు పోయింది.

మూడోది తనదే. చలికి తన బొరియలో తనే ముడుచుకుని పడుకునేది పాపం. అదీ పూర్తి కాలేదు.

అలా మూడు ఆరయ్యాయి, ఆరు పన్నెండయ్యాయి. రెండేళ్లు తిరిగేసరికి బొరియలో ఇరవై మూడు సగం బొంతలు పేరుకుపోయాయి. పడుకోవడానికి చోటు లేదు. ఒక్కొక్క బొంతలో ఒక్కొక్క ముల్లు. ఏదమ్మ వీపు మీద మిగిలినవి మూడంటే మూడే.

అడవిలో ఎవరు ఎదురుపడినా ఒకటే మాట. పొద్దున్నే కుందేలమ్మ, "ఏదమ్మా, ఏదీ మా పిల్లల బొంత?" అనేది. మధ్యాహ్నం ఉడత, "ఏదమ్మా, ఏదీ నా బొంత?" అనేది. సాయంత్రం చెట్టు మీంచి కొండముచ్చు తాత కూడా అదే అడిగేవాడు. అందరికీ ఏదమ్మ ఒకటే జవాబు చెప్పేది. ఎల్లుండికల్లా అయిపోతుందని. చివరికి ఎలాగైందంటే, తన పేరు ఎవరి నోట వినబడినా ఏదమ్మ పొద చాటుకు తప్పుకోవడం మొదలుపెట్టింది. పేరు పెట్టి పిలిస్తే భయపడే బతుకు ఏం బతుకు చెప్పండి.

మూడో చలికాలం వచ్చింది. మంచు దట్టంగా పట్టిన ఒక పొద్దున ఏదమ్మ వాగు ఒడ్డున దుంపలు తవ్వుకుంటోంది. వెనక ఎండుటాకులు గలగలమన్నాయి. తిరిగి చూస్తే దుమ్ములగొండి. వారం రోజులుగా తిండి లేనట్టు డొక్క లోపలికి పోయి ఉంది.

ఏదుపందులకు ఇలాంటప్పుడు ఏం చేయాలో పుట్టుకతోనే తెలుసు. వెనక్కి తిరిగి, ముళ్లన్నీ నిక్కబొడిచి, గలగలా ఆడించాలి. ఆ చప్పుడు వింటే చిరుతపులి కూడా దారి మార్చుకుంటుంది. ఏదమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. వీపు విదిలించింది.

టిక్. టిక్. టిక్.

మూడు ముళ్లు అంతకంటే ఏం మోగుతాయి? ఏదమ్మకు తన వీపు ఎంత బోడిగా ఉందో అప్పుడు తెలిసింది.

దుమ్ములగొండి దగ్గరికొచ్చి వింతగా చూసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"ఏదమ్మా, ఏవీ నీ ముళ్లు?"

అడవంతా రోజూ అడిగే ప్రశ్నే అది. ఈసారి ఎల్లుండికల్లా అని చెప్పే వీలు లేదు.

ఇక అయిపోయాననుకుంటూ ఏదమ్మ కళ్లు మూసుకుంది. అంతలో దుమ్ములగొండి నెత్తిన ఠప్పుమని ఒక వెలగకాయ పడింది. దాని వెనకే ఇంకొకటి, ఆ వెనక ముక్కు మీద మూడోది. పైన కొమ్మ మీద కొండముచ్చు తాత కూర్చుని, అందిన కాయనల్లా కోసి విసురుతూ అడవి లేచిపోయేలా అరుస్తున్నాడు. ఆకలితో నీరసించిన దుమ్ములగొండికి రాళ్లలాంటి ఆ కాయల దెబ్బలు తినే ఓపిక లేదు. ఈ బోడి వీపు ఎక్కడికి పోతుందిలే, మళ్లీ వస్తానని చెప్పి వెళ్లిపోయింది.

తాత చెట్టు దిగబోయాడు. దిగలేకపోయాడు. చలికి మోకాళ్లు కొయ్యబారిపోయాయి. ఒళ్లంతా వణుకుతోంది. ఏదమ్మే కింద నిలబడి భుజం ఆనించి మెల్లగా దింపింది. దింపాక ఆవిడకు ఏడుపొచ్చింది. రెండు చలికాలాల నుంచి తాత అడుగుతున్న బొంత ఆ క్షణాన తన బొరియలోనే ఉంది, సగం కుట్టు మీద, సూది గుచ్చి. తన ప్రాణం కాపాడినవాడు తనవల్లే వణుకుతున్నాడు.

"ఈ వారంలో ఇచ్చేస్తాను తాతా" అంది.

తాత నవ్వలేదు, కోప్పడనూ లేదు. "వారం గీరం చెప్పకమ్మా. ముందు ఆ సూదులన్నీ తీసెయ్" అన్నాడు.

"తీసేస్తే ఎక్కడ ఆపానో తెలియదు కదా?"

"నారకు ముడి వేసుకో. ముడే చెబుతుంది. అడవిలో సూది ఒక్కటే ఉందనుకో. అది ఖాళీ అయితేనే ఇంకో బొంత."

ఏదమ్మ ఇంటికెళ్లి ఇరవై మూడు బొంతలూ బయటికి లాగి ఎండలో పరిచింది. ఒక్కోదాంట్లోంచి ముల్లు తీసి, కుట్టు ఆగిన చోట ముడి వేసింది. ఒక ముల్లు చేతిలో ఉంచుకుంది. పీకిన ముల్లు మళ్లీ వీపుకు అతుక్కోదు కదా, అందుకని మిగిలిన ఇరవై రెండింటినీ మొనలు బయటికి పెట్టి బొరియ చుట్టూ కంచెలా పాతింది. ఇన్నాళ్లూ బొంతల్లో ఊరికే పడున్న ముళ్లు ఇంటికి కాపలా కాశాయి.

అన్నిటికంటే అడుగున కుందేలు పిల్లల చిన్న బొంత కనిపించింది. ఏదమ్మ దాన్ని పట్టుకుని కుందేలమ్మ ఇంటికి పరుగెత్తింది. అంచు ఒక్కటే ఉంది, రేపటికి ఇస్తానని చెప్పింది.

కుందేలమ్మ ఆ గులాబీ ముక్కల్ని నిమిరి చూసింది. "ఎంత ముద్దుగా ఉంది! కానీ ఇప్పుడెందుకు ఏదమ్మా? నా పిల్లలకు పిల్లలు పుట్టే వయసొచ్చింది. ఇది వాళ్ల కాళ్లకు కూడా చాలదు" అంది.

అందులో కోపం లేదు. కోప్పడి ఉంటే బాగుండుననుకుంది ఏదమ్మ. తలదించుకుని తిరిగొచ్చింది. తాత బొంత ముందేసుకుని, ముడి ఎక్కడుందో వెతికి, అక్కడి నుంచి కుట్టడం మొదలుపెట్టింది.

మొదటి రోజు బాగానే గడిచింది. రెండో రోజు నడుము లాగింది, ఆవులింతలొచ్చాయి. మూడో రోజు మట్టిరంగు చూస్తేనే లేచిపోవాలనిపించింది. సరిగ్గా అప్పుడే రెక్కల చప్పుడు.

"వదినా, చూడు చూడు, జరీ ముక్క. ఎండలో పెడితే నిప్పులా మెరుస్తుంది."

ఏదమ్మ తల సగం ఎత్తింది. చెయ్యి వీపు మీది మూడు ముళ్ల దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. టిక్ టిక్ మన్న చప్పుడు గుర్తొచ్చింది. చెట్టు దిగలేక వణికిన తాత గుర్తొచ్చాడు.

"ఇక్కడ పెట్టకు తల్లీ. చూస్తే నా చేతులు ఊరుకోవు. నీ గూట్లోనే దాచిపెట్టు. తాత బొంత ఇచ్చేసిన రోజున చెబుతాను, తీసుకురా" అంది.

కాకికి కొంచెం చిన్నతనమనిపించింది. తెచ్చిన ముక్కను ఏదమ్మ కాదనడం అదే మొదటిసారి. సరేలే అని ఎగిరిపోయింది. దాపరికం ఎందుకు, మర్నాడు ఆకాశంలో కాకి కనబడగానే, ఆ జరీ పసుపా తెలుపా అని ఏదమ్మ ఒకసారి అడిగింది. అడిగి, మళ్లీ కుట్టులో పడింది.

ఐదో రోజున ఒక విచిత్రం జరిగింది. కుట్లు లెక్కపెట్టడం మానేసింది. ఎంత మిగిలిందో చూడడం మానేసింది. సూది దానంతటదే దిగుతోంది, లేస్తోంది. విసుగు ఎప్పుడు పోయిందో తెలియనే లేదు. ఇన్నేళ్లూ ఆవిడ విసుగొచ్చినప్పుడల్లా లేచిపోయింది. విసుగు దాటాక ఎలా ఉంటుందో ఆవిడకు ఇప్పుడే తెలిసింది.

చివరికి అంచు మిగిలింది. అంచుకు ముక్కలు చాలలేదు. ఏదమ్మ కాసేపు ఆలోచించి, చిన్న బొంత విప్పింది. ఆ గులాబీ, నీలం ముక్కల్నే తాత బొంతకు చుట్టూ అంచుగా వేసింది. ఏడో రోజు పొద్దు వాలకముందే ఆఖరి ముడి వేసి, నార కొరికింది. సూది ఖాళీగా చేతికొచ్చింది. అది ఎంత తేలిగ్గా ఉందో!

తాత బొంత కప్పుకున్నాడు. మోకాళ్ల మీదికి లాక్కుని, అంచు పట్టుకుని చూసుకుంటూ అక్కడే నిద్రపోయాడు. కుందేలమ్మ పిల్లలు వచ్చి, ఇవి మనకోసం ఏరిన ముక్కలంట అని చెప్పుకుంటూ తాత పక్కనే చేరాయి. ఏదమ్మకు సంతోషమూ కలిగింది, దిగులూ కలిగింది. రెండూ దాచుకోలేదు.

ఆ సూదితోనే ఉడత బొంత ముగించింది. అదే సూదితో తనదీ ముగించుకుంది. ఎవరైనా కొత్త బొంత అడిగితే, నీ ముందు పందొమ్మిది ఉన్నాయి, ఆగగలిగితే ఆగు అని ఉన్న మాట చెప్పేది. ఆగలేనివాళ్లు వెళ్లిపోయారు. చాలామంది ఆగారు. జరీ ముక్క కాకి గూట్లోనే మెరుస్తూ ఉంది. పీకడం మానేసిన వీపు మీద ముళ్లు ఒక్కొక్కటే మొలిచాయి.

మరుసటి ఏడు మామిడి పూత వేళకు దుమ్ములగొండి చెప్పినట్టే మళ్లీ వచ్చింది. ఏదమ్మ తొందరపడలేదు. చేతిలో కుట్టుకు ముడి వేసి పక్కన పెట్టింది. బొరియలోంచి బయటికొచ్చి, వెనక్కి తిరిగి వీపు విదిలించింది. గలగలమని అడవంతా మోగింది. దుమ్ములగొండి ఏమీ అడగలేదు. వచ్చిన దారినే పోయింది.

ఆ చప్పుడు విని తాత పైనుంచి తొంగిచూశాడు.

"ఏదమ్మా!" అని పిలిచాడు.

పాత అలవాటు కొద్దీ ఏదమ్మ గుండె ఝల్లుమంది. ఏదీ అని ఏం అడుగుతాడో అని తల ఎత్తి చూసింది. తాత ఏమీ అడగలేదు. గులాబీ అంచు బొంత భుజాల మీదికి లాక్కుని నవ్వుతున్నాడు. ఊరికే పేరు పెట్టి పిలిచాడు, అంతే.

"ఇక్కడే ఉన్నాను తాతా" అంది ఏదమ్మ. పక్కన పెట్టిన బొంత ఒళ్లోకి తీసుకుని, ముడి దగ్గర నుంచి మళ్లీ కుట్టసాగింది.

నీతి: కొత్త పని మొదలుపెట్టే ముందు చేతిలో ఉన్న పని ముగించాలి, విసుగొచ్చిన చోట ఆగకుండా ఇంకొంచెం ముందుకు వెళితేనే పని పూర్తవుతుంది, ఇచ్చిన మాట నిలుస్తుంది.