చావింటి అరుగు మీద సభ

కోరంగి రేవులో భైరవభట్లుగారు తర్కం చెబుతుంటే సముద్రం హోరు తగ్గించుకుని మరీ వినేది. అంతటి మనిషీ, శిష్యులు మనసులో బాధ పెట్టుకుని అడిగిన ప్రశ్నకు మాత్రం తర్కంతో జవాబిచ్చేవారు కాదు. చెప్పులు వేసుకుని, "రారా, అలా వెళ్లొద్దాం" అనేవారు.

శిష్యుల్లో శోభనాద్రి నోరున్నవాడు. వాడు వాదనకు దిగితే వస్తున్న సముద్రపు పోటు కూడా వెనక్కి మళ్లేది. కిందటేడు దక్షిణాన ఒక కోట లొంగిపోయి తలుపులు తెరిచాక కూడా ఇంగ్లీషు పటాలం ఊరి మీద పడి దొరికినవాళ్లను దొరికినట్టు నరికింది. ఆ ఊళ్లో కొలువు చేస్తున్న శోభనాద్రి అన్న మరి తిరిగి రాలేదు. అప్పటినుంచి వాడికి అన్నం సయించదు.

ఒకనాడు వాడు రొప్పుతూ వచ్చాడు.

"గురువుగారూ, ఓడ మీద కబురొచ్చింది! మన కోట సంగతితో లండను పెద్దసభ దద్దరిల్లిపోతోందట. తప్పు సేనానిదని ఒక పక్షం, పంపిన దొరలదని ఇంకో పక్షం. ఒకాయన మాట్లాడుతుంటే సభ మేడ మీద కూర్చుని వింటున్న దొరసానులు మూర్ఛపోయారట! మా అన్నకి న్యాయం జరిగినట్టేనా? నేనిక శాంతించవచ్చా?"

భట్లుగారు చెప్పులు వేసుకున్నారు.

"మొన్న పడవ మునిగి పోలమ్మ కొడుకు పోయాడు. పలకరించి వద్దాం, రా."

పోలమ్మ గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. అరుగు నిండా పలకరించడానికి వచ్చిన రేవు పెద్దలు. "గాలి చూసుకోకుండా పడవ నడిపిన సరంగుదే తప్పు" అన్నారెవరో. "అన్నేసి ఉప్పు బస్తాలు ఎక్కించిన యజమానిది కాదూ?" అన్నారింకెవరో. అంతే, శోభనాద్రి నడుం బిగించాడు. సరంగు తప్పని తానే వాదించి, ఆ వాదాన్ని తానే చీల్చి చెండాడి తప్పంతా యజమాని మీదికి తిప్పాడు. అరుగు అదిరింది. చూరులో పిచ్చుకలు లేచిపోయాయి. రేవులో లంగరేసిన ఓడలు గాలి లేకుండానే ఊగాయి.

"ఏం నోరయ్యా నీది! ఆ యజమాని ఇక్కడుంటే సిగ్గుతో సముద్రంలో దూకేవాడు!" అని ఒక ముసలి కళాసీ తొడ చరిచాడు.

పొద్దు వాలింది. చావింట వెళ్లొస్తామని చెప్పకూడదు గనుక అందరూ మెల్లగా లేచారు.

దారిలో శోభనాద్రి చెమట తుడుచుకుంటూ, "ఎలా ఉంది గురువుగారూ?" అన్నాడు.

"దివ్యంగా ఉంది. పోలమ్మ ఏమంది?"

వాడి అడుగు ఆగిపోయింది. పోలమ్మ ఏమీ అనలేదు. ఆమెను ఎవరూ పలకరించలేదు. పోయిన కుర్రాడి పేరైనా ఆ అరుగు మీద ఎవరూ ఎత్తలేదు.

"గురువుగారూ… లండను సభలో మా అన్న పేరు…"

ఓడలను ఊపిన ఆ నోట మాట అక్కడే తెగిపోయింది. కళ్లు నిండాయి.

భట్లుగారు వాడి భుజం పట్టుకుని, వచ్చిన దారికేసి తిప్పారు.

"పోలమ్మ ఇల్లు దగ్గరేరా. ఆ లండను వాళ్లకే, మీ ఇల్లు దూరం."