తల్లివైరు

పెంచలయ్యకు వచ్చిన చిక్కు ఒక్కటే. పని వచ్చేసింది, గురువు వదలడం లేదు.

కడపలో రాయచోటి రోడ్డు మొదట్లో ఉన్న జమాల్ సాయబు షాపులో అతను తొమ్మిదేళ్లు పనిచేశాడు. బండ్లకు కరెంటు పని. హారన్ మోగకపోయినా, లైటు వెలగకపోయినా, బ్యాటరీ పొద్దున్నే మొరాయించినా డ్రైవర్లు అక్కడికే వచ్చేవాళ్లు. వచ్చినప్పుడు స్టార్టరుకూ డైనమోకూ తేడా తెలియని పెంచలయ్య, ఇప్పుడు బానెట్ ఎత్తకముందే శబ్దం విని జబ్బు చెప్పగలడు. రాయచోటిలో ఒక గది తీసుకున్నాడు. బోర్డు రాయించాడు. వచ్చే శుక్రవారం, సాయబు నమాజు ముగించుకుని వచ్చేలా మధ్యాహ్నం మూడింటికి షాపు తెరవాలి.

మిగిలింది టెస్టు బల్బు.

తన దగ్గర పని నేర్చుకుని బయటికి పోయే ప్రతివాడికీ సాయబు తన చేత్తో ఒక టెస్టు బల్బు కట్టి ఇస్తాడు. చిన్న బల్బు, రెండు వైర్లు, ఒకదాని కొసకు సూది, రెండో దానికి క్లిప్పు. కరెంటు ఉన్న వైరుకు గుచ్చితే వెలుగుతుంది. అంతే. బజారుకు పోతే అంతకంటే మంచి మీటర్లు ఎన్నయినా దొరుకుతాయి. కానీ ఆ బల్బు గోడకు వేలాడుతూ కనిపిస్తే చాలు, డ్రైవర్లు "సాయబు చెయ్యి" అని బండి తాళాలు ఇచ్చి టీకి పోతారు. ఇప్పటికి నలుగురికి ఇచ్చాడు. పెంచలయ్య రెండుసార్లు అడిగాడు. మొదటిసారి సాయబు బల్బు దొరకలేదన్నాడు. రెండోసారి కళ్లద్దాలు దొరకలేదన్నాడు.

ఇది చాలదన్నట్టు ఇంకో మాట కూడా అన్నాడు.

"శనివారం శనివారం నీ షాపుకు వచ్చి కాసేపు కూర్చుంటాలేరా. ఒక కుర్చీ వెయ్యి."

పెంచలయ్య తల గోక్కున్నాడు. "మీకెందుకు శ్రమ ఉస్తాద్? ఘాటెక్కి రావాల. నేను చూసుకుంటా గదా."

"అదీ నిజమే" అని సాయబు టీ తాగేశాడు.

ఆ రాత్రి అన్నం తింటూ పెంచలయ్య భార్యతో అసలు సంగతి చెప్పాడు. "ఆయన మీద నాకు ప్రాణమే. కానీ ఆయన వచ్చి కుర్చీలో కూర్చుంటే, వచ్చినోడు సలాం కుర్చీకే పెడతాడు. నేను రాయచోటిలో కూడా పనోడినే అయితా." అనేశాక కంచం పక్కకు జరిపాడు. తొమ్మిదేళ్లు తన ఇంటి నుంచి వచ్చిన క్యారియరులో సగం అతనికి పెట్టిన మనిషి గురించి అన్న మాట అది.

ఆదివారం పొద్దున చిన్నప్ప తన పాత వ్యాను తెచ్చి వదిలాడు. కడప నుంచి రోజూ ఎనిమిది మంది టీచరమ్మలను గువ్వలచెరువు ఘాటెక్కించి రామాపురం బళ్లకు చేరుస్తాడు. అతని బాధేమిటంటే, ఘాటులో లారీల వెనక పడితే బండి కాగిపోతోంది. ఇంజను ముందర చల్లార్చే ఫ్యాను ఉంది గానీ, అది బాగా వేడెక్కాకగాని లేవదు. ఘాటు మొదలవకముందే తానే దాన్ని తిప్పుకునేలా డ్రైవరు సీటు దగ్గర ఒక స్విచ్చు కావాలి.

సాయబు వ్యాను వైపు కూడా చూడలేదు. "పెంచలా, నువ్వే చెయ్యి. అయినాక పిలువు."

ఇది పరీక్షేనని పెంచలయ్యకు అర్థమైంది. దీంతో బల్బు చేతికి వచ్చి తీరాలి అనుకున్నాడు.

పని చిన్నదే. రేడియేటరు దగ్గర వేడిని కనిపెట్టే సెన్సరు ఒకటి ఉంటుంది. ఇక తిరుగు అని ఫ్యానుకు కబురు పంపేది దాని నుంచి వచ్చే సన్నటి వైరే. బండితో పాటు పుట్టిన ఇలాంటి వైర్లను సాయబు షాపులో తల్లివైరు అంటారు. దానికొక నియమం కూడా ఉంది. "తల్లివైరు తెంపద్దు. తోలు గీకి, పక్కన ముడెయ్యి." పెంచలయ్య ఈ మాట తొమ్మిదేళ్లలో వెయ్యిసార్లు విన్నాడు. పాతకాలంలో అతుకుల్లోకి నీళ్లు దిగేవి కాబట్టి అలా అనేవాళ్లు కాబోలు, ఇప్పుడు మంచి కనెక్టర్లు వచ్చాయిగా అనుకున్నాడు. కటింగ్ ప్లయరు తీసుకుని వైరు టక్కున తెంపాడు.

తెంపిన రెండు కొసలనూ మూడు మెట్ల స్విచ్చులోకి తెచ్చాడు. ముచ్చటగా బిగించాడు. మధ్యాహ్నానికి సాయబును పిలిచాడు.

"చూడండి ఉస్తాద్. పైకి నొక్కితే ఫ్యాను వెంటనే తిరుగుతుంది. కిందికి నొక్కితే పాత పద్ధతే, వేడెక్కితే అదే తిరుగుతుంది. మధ్యలో పెడితే బంద్."

"బంద్ ఎందుకురా?"

పెంచలయ్య ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాడు. "ఘాటు కింద వంతెన కడతాండారు గదా, బండ్లన్నీ పక్కదారిలో వంక నీళ్లలో దిగి పోతాండాయి. ఫ్యాను తిరుగుతా ఉంటే నీళ్లు చిమ్మి ఇంజను మీద కొడుతుంది. ఆపుకొని దాటొచ్చు. చిన్నప్ప అడగలేదు, నేనే ఆలోచించి పెట్టినా."

సాయబు బానెట్ కిందికి వంగాడు. తెగిన వైరును రెండు వేళ్లతో, నాడి చూసినట్టు పట్టుకున్నాడు. తర్వాత చెయ్యి తుడుచుకున్నాడు.

"బాగుంది. ఇంగ ఫ్యాను పూర్తిగా నీ చేతిలో ఉండాది."

"అంతే గదా ఉస్తాద్!"

"పద. గువ్వలచెరువుకు పోయి కోవా తినొద్దాం."

"ఇప్పుడా? మీకు షుగరు గదా?"

"నీ స్విచ్చుకు ఘాటు చూపియ్యకుండానే చిన్నప్పకు ఇస్తావా? షుగరు సంగతి ఇంట్లో చెప్పద్దు."

పెంచలయ్య నడిపాడు. సాయబు పక్కన కూర్చున్నాడు, ఒళ్లో పాత సంచితో. ఊరు దాటాక స్విచ్చు పైకి నొక్కి ఫ్యాను హోరు వినిపించాడు. వంక వచ్చింది. ఎర్రటి నీళ్లు మోకాలి లోతు కూడా లేవు. పెంచలయ్య టక్కున స్విచ్చును మధ్యకు తెచ్చాడు. హోరు ఆగింది. వ్యాను చుక్క చిమ్మకుండా అవతలికి ఎక్కింది.

"చూసినారా ఉస్తాద్?"

"చూసినా." సాయబు సీట్లో సర్దుకున్నాడు. "అవునూ, పాపకు పేరు ఖాయం చేసినారా?"

అడగకూడని మనిషిని అడగకూడని ప్రశ్న అడిగాడు. అయిదు నెలల కూతురి ఊసెత్తితే పెంచలయ్యకు ఇక పట్టపగ్గాలుండవు.

"యాడ ఉస్తాద్! నా పెండ్లాం నక్షత్ర అంటది. మా అమ్మకు నోరు తిరగక నచ్చత్తరం అంటది. మా ఇంట్లో పెద్ద యుద్ధమే జరుగుతాండాది. ఆ పిల్లేమో ఎవురు పిల్చినా పలకదు. నేను నోటితో లారీ హారన్ కొడితే మాత్రం ఎగిరెగిరి నవ్వుతాది."

"ఏదీ, కొట్టు."

పెంచలయ్య కొట్టాడు. ముందున్న లారీవాడు అద్దంలో చూసి పక్కకు తప్పుకోబోయాడు. సాయబు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. ఇంకా అడిగాడు. పాప బోర్లపడుతోందా, దిష్టి తీస్తున్నారా, రాత్రిళ్లు నిద్రపోనిస్తోందా. ఒక్కొక్కదానికీ పెంచలయ్య దగ్గర ఒక్కో కథ ఉంది. ఘాటు మొదలైంది. మలుపులు తిరిగాయి. లారీల వెనక రెండో గేరులో పాకుతూ పాప ఏడుపు ఎలా మాన్పించాలో చెబుతున్నాడు, స్పానరు టకటకమంటే ఊరుకుంటుందట, మన వృత్తి దానికి కడుపులోనే తెలిసిపోయిందట.

చివరి మలుపు దగ్గర సాయబు చెయ్యి నెమ్మదిగా పక్కనుంచి వచ్చి స్విచ్చును పైకి నొక్కింది.

ఫ్యాను ఒక్కసారిగా హోరెత్తింది. పెంచలయ్య వేడి చూపే మీటరు చూశాడు. ముల్లు ఎర్రగీతను ముట్టుకుని ఉంది. వంక దాటాక స్విచ్చును మధ్యలోనే వదిలేశాడు.

"పక్కన ఆపు" అన్నాడు సాయబు. "ఇంజను బంద్ చెయ్యద్దు, ఫ్యాను తిరగనీ. రేడియేటరు మూత ముట్టుకోవద్దు."

రోడ్డు పక్కన ఆపాడు. వేడి గాలి బానెట్ సందుల్లోంచి కొడుతూ ఉంది. పెంచలయ్య ఇప్పుడు ముల్లునే చూస్తున్నాడు. తొమ్మిదేళ్లలో ఎంతమంది డ్రైవర్లను తిట్టాడు, ముల్లు చూసుకోరా గాడిదా అని.

ముల్లు మధ్యకు దిగాక మెల్లగా అడిగాడు. "ఎప్పట్నుంచి చూస్తాండారు ఉస్తాద్?"

"వంక కాడ్నుంచి."

అంత నవ్వుతూ, అన్ని కథలు అడుగుతూ, ఆయన కన్ను ముల్లు మీదే ఉందన్నమాట. పెంచలయ్యకు ఉక్రోషం కూడా వచ్చింది.

"మరి చెప్పొచ్చు గదా?"

"చెప్పేదాన్ని నువ్వే తెంపితివి గదరా."

సాయబు ఆ మాట కోపంగా అనలేదు. క్యారియరులో కూర మిగిలింది, వేసుకో అన్నట్టుగా అన్నాడు. పెంచలయ్య తల వంచుకున్నాడు.

"మర్చిపోయినా ఉస్తాద్."

"బిడ్డ మాట వచ్చినాక కూడా ముల్లు గుర్తుంటే నువ్వేం తండ్రివిరా? మర్చిపోవాల. మర్చిపోయే మనిషికే గదా మనం వైర్లు కట్టేది." బానెట్ వైపు చెయ్యి చూపించాడు. "రేపు పొద్దున దీంట్లో ఎనిమిది మంది టీచరమ్మలు ఎక్కుతారు. చిన్నప్పకు నీకంటే మాటలెక్కువ."

"మరి వంక?"

"వంతెన ఆర్నెల్లలో అయిపోతాది. ఘాటు యాడికీ పోదు."

గువ్వలచెరువులో కోవా అంగడి ముందు బండి నిలిపారు. ఇంజను చల్లారేదాకా సాయబు బల్ల మీద కూర్చుని, ఆకులో పెట్టిచ్చిన కోవాను భార్య ఖైరూన్‌బీ ఎక్కడినుంచైనా చూస్తుందేమో అన్నంత భయంగా, తొందర తొందరగా తిన్నాడు. పెంచలయ్య తినలేదు. బానెట్ ఎత్తి, స్విచ్చులోంచి రెండు కొసలనూ ఊడదీశాడు. తెగిన తల్లివైరును మళ్లీ ఒకటి చేశాడు. పక్కనే వేలెడు మేర తోలు గీకి, స్విచ్చు నుంచి వచ్చే కొత్త వైరును దాని మీద ముడేశాడు. టేపు చుట్టాడు. ఇప్పుడు స్విచ్చు పైకి నొక్కితే ఫ్యాను తిరుగుతుంది. మధ్యలో పెట్టినా, కిందికి నొక్కినా ఒక్కటే. వేడెక్కితే సెన్సరు పిలుస్తుంది, ఫ్యాను పలుకుతుంది. ఎవరి నోరూ ఎవరూ మూయలేరు.

కరెంటు సరిగా వస్తోందో లేదో చూడాలి. మీటరు షాపులో మర్చిపోయి వచ్చాడు.

"ఉస్తాద్, మీ టెస్టు బల్బు ఉందా?"

సాయబు చేతికంటిన కోవా నాకి, తువ్వాలుకు తుడుచుకుని, ఒళ్లో సంచి విప్పాడు. బయటికి తీసింది కొత్త బల్బు. ఎర్ర వైరు, నల్ల వైరు, సూది మొన ఇంకా మెరుస్తోంది. వైర్ల ముడులు మాత్రం ఎక్కడ చూసినా గుర్తుపట్టొచ్చు, అవి సాయబువే.

పెంచలయ్య దాన్ని అందుకోకుండా చూస్తూ నిలబడ్డాడు. "ఇది ఎప్పుడు కట్టినారు?"

"రంజాను నెల్లో."

"మరి బల్బు దొరకలేదంటిరి? కళ్లద్దాలు దొరకలేదంటిరి?"

"కళ్లద్దాలు నిజంగానే దొరకలేదురా" అన్నాడు సాయబు. "పెట్టు, చూడు."

పెంచలయ్య క్లిప్పు తగిలించి, సూది గుచ్చాడు. బల్బు వెలిగింది. పట్టపగలు, ఎండలో, ఆ చిన్న వెలుగు కోసం ఇద్దరూ తలలు దగ్గర పెట్టి చూశారు. పెంచలయ్యకు ఏడుపొచ్చింది. ఇంజను వేడి కొట్టిందన్నట్టు భుజంతో మొహం తుడుచుకున్నాడు.

దిగేటప్పుడు ముల్లు ఎర్రగీత దాకా పోలేదు. మధ్యలో లారీల వెనక ఆగినప్పుడు ఒకసారి ఫ్యాను తనంతట తానే లేచింది, కాసేపు తిరిగి ఆగింది. సాయబు కునుకు తీస్తున్నాడు. ఈసారి ఆయన మీటరు వైపు చూడలేదు. వంక దగ్గర పెంచలయ్య స్విచ్చు జోలికి పోకుండా, బండిని మొదటి గేరులో నడిపించి నిదానంగా దాటించాడు. కాసిని నీళ్లు చిమ్మాయి. ఏమీ కాలేదు.

షాపు ముందు బండి ఆపినా సాయబు దిగలేదు. దిగమని పెంచలయ్యా అనలేదు. బల్బును చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాడు.

"ఉస్తాద్, శనివారం రాండి. కుర్చీ వేస్తా."

"నువ్వు చూసుకుంటానంటివి గదరా?"

"నేనే చూసుకుంటా ఉస్తాద్. మీరు పక్కన ఉండండి."

సాయబు తలుపు తీసి ఒక కాలు కింద పెట్టాడు. మోకాలు సహకరించలేదు. పెంచలయ్య పరుగున చుట్టూ తిరిగి వచ్చి చెయ్యి అందించాడు. ఆ చెయ్యి పట్టుకునే దిగి, దాన్ని వదలకుండా సాయబు అన్నాడు:

"కుర్చీ లోపలగా, గోడకు వెయ్యిరా. వచ్చినోడికి ముందర నువ్వు కనపడాల."