దుబాసి బదులు ఒంటె

ఒకానొక పారశీక రాజ్యంలో రాజుగారు రోజూ తెర చాటున కూర్చుని ఒంటరిగా భోంచేసేవాడు. ఆయన పేరు అర్తమేనుడు. తెర పల్చనిది. లోపలినుంచి రాజుకు అందరూ కనిపిస్తారు. బయట పళ్ళేల ముందు కూర్చున్న అతిథులకు మాత్రం రాజు కనిపించడు. రాజాధిరాజు మామూలు మనుషుల్లా నమలడం ఎవరూ చూడకూడదట! అదీ అక్కడి మర్యాద.

పారశీకం అంటే ఈనాటి ఇరాన్. అయితే ఆ రోజుల్లో రాజ్యం అక్కడితో ఆగలేదు. ఎన్నో దేశాలు, దేశానికో భాష. అందుకే కొలువులో ఒక్కో భాషకు ఒక్కో దుబాసి ఉండేవాడు. దుబాసి అంటే ఒకరి మాటను ఇంకొకరికి వాళ్ళ భాషలో చెప్పేవాడన్నమాట.

వక్షు నది ఒడ్డునుంచి వచ్చిన దుబాసి పేరు వక్షుదాతు. ఆ నది ఎక్కడో తూర్పున, రాజధానికి మూడు నెలల ప్రయాణం. ఏటా కొత్త సంవత్సరం పండుగకు అతని దేశంవాళ్ళు కానుకలు తెచ్చి, నాలుగు రోజులుండి వెళ్ళిపోయేవారు. ఆ నాలుగు రోజులే అతనికి పని. మిగతా ఏడాదంతా అతన్ని అతని భాషలో పలకరించే మనిషే లేడు. ఇలా పదకొండేళ్ళు.

ఒక ఏడు వాళ్ళు రెండు మూపురాల ఒంటెను కానుకగా తెచ్చారు. దాన్ని రాజుగారి తోటలో కట్టేశారు. వక్షుదాతు రోజూ సాయంత్రం దాని పక్కన చతికిలబడి, "తిన్నావా?" అని తన భాషలో అడిగేవాడు. అది మోర చాచి అతని చేతిలో ఎండు అంజూరాల కోసం వెతికేది. ఆ తర్వాత వాళ్ళమ్మ కాచే బార్లీ జావ గురించి, నది గడ్డకట్టే రోజుల గురించి చెప్పేవాడు. ఒంటె నెమరువేస్తూ వినేది.

ఒకనాడు పడవ తెడ్డును తమ ఊళ్ళో ఏమంటారో అతనికి ఎంతకీ గుర్తు రాలేదు. ఆ రోజు మొదటిసారి భయం వేసింది.

రాజుగారి పుట్టినరోజు విందు వచ్చింది. ఆ విందులో ఎవరేం అడిగినా రాజు కాదనకూడదు. అది తాతలనాటి ఆచారం. వక్షుదాతు తెర ముందు వంగి దండం పెట్టాడు.

"ప్రభూ, నన్ను ఇంటికి పంపించండి."

తెర వెనక నమలడం ఆగింది. "ఏమోయ్ దుబాసీ! లోకంలోని జనమంతా నా భవనంలోనే తిరుగుతున్నారు. ఇంతమందిలో నీకేం తక్కువైంది?"

"వాళ్ళ మాట నాకు అర్థమవుతుంది ప్రభూ. నా మాటే ఎవరికీ అర్థం కాదు."

రాజుకు కోపం వచ్చింది. తన కొలువు వదిలి పోతానన్నవాడు అంతవరకూ లేడు. కాదందామంటే ఆచారం ఒప్పదు.

"సరే, పో. కానీ నీ భాష అర్థమయ్యేవాణ్ణి నీ చోట పెట్టి మరీ పో. ఈ విందు ముగిసేలోగా!"

అతిథులు గొల్లున నవ్వారు. మూడు నెలల దూరంనుంచి మనిషిని పూటలో ఎలా తెస్తాడు?

"తోటలోనే ఉన్నాడు ప్రభూ, పిలుచుకొస్తాను," అన్నాడు వక్షుదాతు.

కాసేపటికి ఒంటెను నడిపించుకుంటూ వచ్చాడు. వంటశాల అధికారి రెండు చేతులూ అడ్డం పెట్టి, "తివాచీలు! అయ్యో, తివాచీలు!" అని గోలపెట్టాడు.

"ఏమిటిది?" అన్నాడు రాజు.

"నా బదులు ప్రభూ. పరీక్షించుకోండి."

అధికారి పారశీక భాషలో "కూర్చో!" అని అరిచాడు. ఒంటె అతనివైపు చూడనైనా లేదు. వక్షుదాతు తన భాషలో మెల్లగా అదే మాట అన్నాడు. ఒంటె మోకాళ్ళు మడిచి తెర ముందు కూర్చుంది.

"అర్థమైతే సరిపోయిందా? దుబాసి పని చెయ్యొద్దూ?" అన్నాడు రాజు.

"పదకొండేళ్ళుగా నేను చేసిందేమిటి ప్రభూ? పండుగనాడు కానుకల వెంట నడిచాను. మీ ముందు మోకరిల్లాను. తర్వాత ఏడాదంతా నోరు మూసుకున్నాను. నాకన్నా ఇదే బాగా చేస్తుంది."

అతిథులు పళ్ళేలు వదిలి వెనక్కి జరిగారు. ఇంతకన్నా చిన్న మాటకే అక్కడ తలలు పోయాయి.

రాజు మాత్రం గొంతు తగ్గించి అడిగాడు. "దానితో రోజూ ఏం మాట్లాడతావు?"

"ముందు తిన్నావా అని అడుగుతాను ప్రభూ," అంటూ ఆ మాటను తన భాషలో పలికి చూపించాడు.

అది చెవిన పడగానే ఒంటె లేచింది. అంజూరాల కోసం వాసన పట్టింది. ఆ పూట తేనెలో నానిన అంజూరాలు రాజుగారి పళ్ళెంలో ఉన్నాయి. అది మూతితో తెరను తోసుకుని తల లోపలికి పెట్టేసింది!

అధికారి కళ్ళు మూసుకున్నాడు. లోపల పళ్ళెం దొర్లిన చప్పుడు. ఆ వెంటనే పెద్ద నవ్వు. తమ రాజు నవ్వు ఎలా ఉంటుందో చాలామంది అప్పుడే విన్నారు. తెర ఊడి ఒంటె మూపురాల మీద పడింది. రాజాధిరాజు గడ్డానికి తేనె అంటుకుని, అచ్చం మనందరిలాగే ఉన్నాడు.

"గెలిచావయ్యా, వెళ్ళిరా," అని తన శాలలోని గుర్రాన్నీ, రాజముద్ర వేసిన తోలుచీటీనీ ఇప్పించాడు. ఆ చీటీ చూపిస్తే దారిపొడవునా ప్రతి మజిలీలో పిండి, ద్రాక్షసారా, పడుకోను చోటు ఇస్తారు.

"పోయేముందు నాకా మాట నేర్పు," అన్నాడు రాజు.

మూడోసారికి రాజుకు సరిగ్గా వచ్చింది. వక్షుదాతు గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. వెనక్కి తిరిగి, ఆ మాటే రాజును అడిగాడు.

"తిన్నారా ప్రభూ?"

రాజు ఖాళీ పళ్ళెం ఎత్తి చూపించి, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వాడు. ఆయన్ని అంతవరకూ ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

మర్నాడు తెర మళ్ళీ కట్టారు, ఆచారం కదా. రోజూ సాయంత్రమయ్యేసరికి మాత్రం రాజు గుప్పెడు అంజూరాలు పట్టుకుని, ఒక్కడే తోటలోకి నడిచేవాడు.