గుమ్మంలో ఆగిపోయిన పేరు

అనగనగా కుందనపురానికి ఒక రాజు, ఆ రాజుకి ఒక్కగానొక్క కొడుకు మణిదత్తుడు. పెళ్లి చేసుకుని కొత్త కోడలు హేమవల్లిని ఇంటికి తెచ్చాడు. గుమ్మంలో ఆడపడుచు సుగుణమణి చెయ్యి అడ్డం పెట్టింది.

"మా అన్నయ్య పేరు చెప్పు వదినా, లోపలికి రానిస్తా!"

హేమవల్లికి సిగ్గు ముంచుకొచ్చింది. మొగుడి పేరు, అదీ అందరిముందు! పక్కన మణిదత్తుడు టప్ టప్ టప్ మని మూడుసార్లు కాలు నేలకి కొట్టాడు, తొందరగా చెప్పవే అన్నట్టు. చెబుదామని పెదవి విప్పిందో లేదో, కరాళుడనే మాంత్రికుడు ఎగిరే మంచం మీద వచ్చి ఆమెను ఎత్తుకుపోయాడు.

ఏడు సముద్రాల అవతల ఎర్రమట్టి దీవిలో దింపి, "నన్ను చేసుకో" అన్నాడు.

"చావనైనా చస్తాను!"

వాడు మంత్రం చదివాడు. ఆమె అరచేతిలో పట్టేంత జంతువైపోయింది. ఎలుకలా ఉంటుంది కానీ ఎలుక కాదర్రా! ముక్కేమో బుల్లి తొండం, తిండేమో చీమలూ చెదలూ.

"మొగుడి పేరు చెప్పలేకపోయావుగా? నీకు మూడే మూడు పిలుపులు ఇస్తున్నా. మొగుడి ఎదుట వాడి పేరు పలికితే విడుదల. మూడూ వృథా అయితే జన్మంతా ఇంతే."

ఆ జంతువుల బతుకే అంత. పొదల మధ్య సన్నటి బాట వేసుకుని, రోజూ ముందుకాళ్లతో ఊడ్చుకోవాలి. డేగ తరిమినప్పుడు పుల్ల అడ్డొస్తే ప్రాణం పోయినట్టే. జంటగా ఉంటాయి, కానీ దేని తిండి దానిది, దేని నిద్ర దానిది. బాటకి ఆ చివర ఇంకో జంతువు ఉండేది. రోజూ బలిసిన చెదలు నాలుగు ఆమె వైపు వదిలిపోయేది. ఆమె తినేసి, మళ్లీ సముద్రం వైపే చూసేది. ఎప్పుడొస్తాడు? అసలొస్తాడా?

మొదటి ఏడు పట్టుబట్టల మనిషి పడవ దిగితే "మణిదత్తా!" అంది. వాడెవడో వర్తకుడు, హడలి పారిపోయాడు. రెండో ఏడు అచ్చం మణిదత్తుడే వచ్చాడు. పిలిచింది. కరాళుడు వేషం తీసి పకపకా నవ్వాడు. ఆమె కుళ్ళి కుళ్ళి ఏడ్చింది.

మూడో ఏడు ఒక పొద్దున సముద్రం వైపు చూస్తుండగా వెనక నుంచి టప్ టప్ టప్! ఉలిక్కిపడి పరుగెత్తింది. డేగ ఆమె ఉన్న చోటే వాలి, ఉత్త గోళ్లతో లేచిపోయింది.

ఆ మూడు దెబ్బలు ఎక్కడ విన్నాను? భయమేస్తే ఈ జంతువులన్నీ కాలు కొడతాయి కదా! ఉన్నది ఒక్క పిలుపు. కానీ మూడేళ్లుగా ఆ చెదలు ఎవరు వదిలారు? డేగ వస్తే దాక్కోకుండా నాకోసం ఎవరు నిలబడ్డారు?

బాట ఆ చివరికి వెళ్లి మొదటిసారి ఆ కళ్లలోకి చూసింది.

"మణిదత్తా!"

ఆమెకి మళ్లీ మనిషి రూపం వచ్చింది, ఎదురుగా మణిదత్తుడూ మనిషై లేచి నిలబడ్డాడు. "మొదటి ఏడే వచ్చానే పిచ్చిదానా! వాడు నన్నూ ఇలాగే జంతువుని చేశాడు, పిలుపు మాత్రం ఒక్కటీ ఇవ్వలేదు" అన్నాడు. హేమవల్లి అతణ్ణి పట్టుకుని బావురుమంది.

మంత్రం తిరగబడి కరాళుడు చెదపురుగై పుట్టలోకి దూరాడు. ప్రాణం చిలకలో దాచుకునే తెలివి కూడా లేదు వెధవకి! వాడి మంచమెక్కే ఇద్దరూ ఇల్లు చేరారు.

గుమ్మంలో సుగుణమణి కళ్లు తుడుచుకుంటూ మళ్లీ చెయ్యి అడ్డం పెట్టింది. అడగక ముందే హేమవల్లి అంది: "మణిదత్తుడు! మణిదత్తుడు! మణిదత్తుడు!"

వాళ్లు చాలా ఏళ్లు చల్లగా రాజ్యమేలారు. ఆవిడ మాత్రం బతికినన్నాళ్లూ మొగుణ్ణి పేరు పెట్టే పిలిచింది. పెద్దవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. వేసుకోనీ!