చురకమ్మ మెచ్చిన పచ్చిపులుసు

అనగనగా, వానలు మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయి, ఆకాశం కడిగిన పళ్లెంలా మెరిసే శరత్కాలంలో, మంజుగిరి అనే చిన్న రాజ్యం ఉండేది. మిగతా కాలాల్లోనూ ఉండేదనుకోండి. మన కథకు మాత్రం కావలసింది శరత్కాలమే.

ఆ రాజ్యానికి రాజు గుణధరుడు. పసితనంలోనే తల్లీతండ్రీ పోతే, అవ్వ మల్లాంబ అతణ్ణి పెంచి పెద్దచేసింది. ఆమె పేరుకు పెద్దరాణి. కూర్చునేది మాత్రం వంటింట్లో, కొంగు నడుముకు బిగించి, ముక్కాలిపీట మీద.

ఏటా శరత్తు రాగానే కోట ముందున్న మైదానంలో పంక్తి వేసేవారు. రైతులు, కుమ్మరులు, నేతగాళ్లు, పశువుల కాపరులు, అందరూ రాజకుటుంబంతో కలిసి ఒకే బారున నేల మీద కూర్చునేవారు. అరిటాకులో లేత దోసకాయ ముక్కలు, ముల్లంగి తురుము, నానబెట్టిన పెసరపప్పు వడ్డించేవారు. అన్నీ పచ్చివే. వాటి మీద అవ్వ తన చేత్తో కలిపిన పళ్ల పచ్చిపులుసు పోసేది. ఆ ఒక్క గరిటెడు పడేసరికి ముల్లంగి అంటే ముఖం చిట్లించే పిల్లలు కూడా ఆకు నాకేసేవారు.

ఆ పచ్చిపులుసు కలపడమే ఒక పండుగ. అవ్వ వెలగపండు పగలగొట్టి గుజ్జు తీసేది. కాసిని నీళ్లు పోసి పిసికి, పలచటి గుడ్డలో వేసి గింజలూ పీచూ పోయేదాకా వడకట్టేది. దానిమ్మ గింజలు నలిపి రసం తీసేది. దబ్బపండు పిండేది. బెల్లం, ఉప్పు, దంచిన మిరియాలు, వేయించిన జీలకర్ర వేసేది. చివరికి గానుగ నుంచి తెచ్చిన నువ్వుల నూనె సన్నటి ధారగా పోసేది. ఇదంతా పెద్ద రాతిచిప్పలో, పొయ్యి వెలిగించకుండానే చిక్కగా కలిసిపోయేది.

ఆ రాతిచిప్ప అంచు మీద ఒక గోరింక కూర్చునేది. దాని పేరు చురకమ్మ. అది మనుషుల్లా మాట్లాడేది. మాట్లాడితే ఫరవాలేదు, ఉన్నదున్నట్టు మాట్లాడేది! మొదటి చుక్క అవ్వ దానికే పెట్టేది.

"బెల్లం ఎక్కువైంది!" అనేది చురకమ్మ.

అవ్వ ఇంకాస్త దబ్బపండు పిండేది.

"ఇప్పుడు పులుపెక్కువైంది!"

"నీ నోరు మండ! దేనికీ ఒప్పుకోవు కదే!" అని అవ్వ తిడుతూనే, నవ్వుతూనే, మళ్లీ కలిపేది. పక్కన కూర్చున్న చిన్ని గుణధరుడు పొట్ట పట్టుకుని నవ్వేవాడు. చురకమ్మ మూడోసారి రుచి చూసి రెక్కలు టపటపలాడిస్తే, అప్పుడు రాతిచిప్ప మైదానానికి కదిలేది.

పంక్తిలోనూ అదే తంతు. "ఉప్పు చాల్లేదమ్మా" అని ఎవరైనా అంటే చాలు, అవ్వ ఉప్పుగిన్నె పట్టుకుని గబగబా వెళ్లేది. ఉప్పు సంగతి చెప్పిన నోరు ఊరి సంగతీ చెప్పేది. "తల్లీ, మా కాలువ పూడిపోయింది" అని ఒకరు. "మా పశువులకు మేత లేదు" అని ఇంకొకరు. అవ్వ అన్నీ వినేది. మర్నాడే పనివాళ్లు పలుగూ పారా పట్టుకుని బయల్దేరేవారు.

"చూడు నాయనా," అనేది అవ్వ, మనవడి మూతి కొంగుతో తుడుస్తూ. "ఈ పంక్తి ఖాళీ అయిన రోజు నువ్వు రాజువి కావు. సింహాసనం మీద ఊరికే కూర్చున్న మనిషివి."

ఆ మాటలు, ఆ కొంగుకు అంటిన జీలకర్ర వాసన, ఆ ఎండ! ఎంత బాగుండేవో ఆ రోజులు. కానీ ఏ రోజులూ నిలబడవు కదా. ఒక చలికాలం అవ్వ కన్నుమూసింది. గుణధరుడికి పట్టాభిషేకం జరిగింది.

నిండు సభలో అతని తల మీద తాతగారి కిరీటం పెట్టారు. అందరూ జయజయధ్వానాలు చేస్తుంటే, కిటికీ మీద నుంచి చురకమ్మ గట్టిగా అరిచింది.

"గుణా! కిరీటం వదులుగా ఉంది! పట్టుకో, జారిపోతోంది!"

సభంతా గొల్లున నవ్వింది. కొత్త రాజు ముఖం కందగడ్డ అయింది. "ఈ పక్షిని కోట దాటించండి!" అన్నాడు.

"ఎవరూ దాటించక్కర్లేదు, నాకు రెక్కలున్నాయి," అంది చురకమ్మ. "కిరీటం మాత్రం సరిచేయించుకో." అలా అని కొండవైపు ఎగిరిపోయింది.

సభలో ఉన్నవాళ్లకు సంగతి అర్థమైంది. ఈ రాజు దగ్గర నోరు తీపిగా ఉంచుకోవాలి. అందరికంటే బాగా అర్థమైంది మంత్రి లలితాంగుడికి.

మొదటి శరత్తు వచ్చింది. పంక్తికి పచ్చిపులుసు కలుపుతుంటే లలితాంగుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ప్రభూ, వెలగపండు అడవి సరుకు. తమ పంక్తికి సీతాఫలం అయితే శోభగా ఉంటుంది." రాజు సరేనన్నాడు. రుచి చూసి, ఎలా ఉందని అడిగాడు. "అమృతం, ప్రభూ!" అన్నారు కొలువువాళ్లు. జనం సగం తిని, సగం ఆకులోనే మడిచేశారు. ఉప్పు సంగతి అడిగే నోరు ఒక్కటీ లేచింది కాదు.

రెండో శరత్తు వచ్చింది. "ప్రభూ, దబ్బపండు పులుపుకు తమ పళ్లు పులిసిపోతాయి. చెరుకురసం పోయిద్దాం," అన్నాడు లలితాంగుడు. పోయించారు. "అమృతం, ప్రభూ!" అన్నారు. ఆ ఏడు వచ్చినవాళ్లే తక్కువ. వచ్చినవాళ్లు వేలితో నాలుక్కి రాసుకుని, లేచి దణ్ణం పెట్టి వెళ్లిపోయారు.

మూడో శరత్తు వచ్చింది. ఈసారి మిరియాల ఘాటుకు ప్రభువుల కళ్లు చెమరుస్తాయని లలితాంగుడికి దిగులు పట్టుకుంది. మిరియాలు తీసేసి పన్నీరు చిలకరించారు. రాతిచిప్ప మోటుగా ఉందని వెండి గంగాళం తెచ్చారు. మైదానం నిండా ఆకులు పరిచారు. రాజు కూర్చున్నాడు, కొలువు కూర్చుంది. పొద్దు నడినెత్తికి వచ్చింది, పడమటికి వాలింది.

ఒక్క మనిషీ రాలేదు. ఆ ఏడు బారులు తీరి వచ్చినవి చీమలే.

ఆ ఖాళీ ఆకుల బారు చూస్తుంటే రాజు గుండె జారిపోయింది. అవ్వ మాట చెవిలో మోగింది. "ఎందుకు రాలేదు?" అని అడిగాడు.

"తమ వైభవానికి కళ్లు చెదిరి, దగ్గరికి రావడానికి వెరుస్తున్నారు, ప్రభూ," అన్నాడు లలితాంగుడు.

రాజు తలవంచాడు. వంచీ వంచగానే కిరీటం జారి ముక్కు మీదికి వచ్చింది. లోకమంతా చీకటైపోయింది. ఆ చీకట్లో అతనికి ఒక్కసారిగా తెలిసివచ్చింది. మూడేళ్లుగా ఈ కిరీటం వదులుగానే ఉంది. మూడేళ్లుగా చెయ్యి అడ్డం పెట్టుకుని తిరుగుతున్నాడు. కొలువులో ఇంతమంది ఉన్నారు, కళ్లున్నవాళ్లే అందరూ. ఒక్కరూ చెప్పలేదు.

చెప్పిన ఒక్కదాన్నీ తనే వెళ్లగొట్టాడు.

గుణధరుడు కిరీటం తీసి పీట మీద పెట్టాడు. ఎవరినీ వెంటరావద్దని కొండవైపు నడిచాడు. కొండ మొదట్లో అడవి వెలగచెట్టు ఒకటుంది. చిన్నప్పుడు అవ్వ వేలు పట్టుకుని వచ్చిన చోటే. దాని కొమ్మ మీద చురకమ్మ ఉంది. ఈకలు నెరిశాయి, చూపు మాత్రం అలాగే ఉంది.

"చురకమ్మా, తప్పు చేశాను," అన్నాడు రాజు. "పంక్తి ఖాళీ అయిపోయింది. నాకు అవ్వ పచ్చిపులుసు కావాలి."

"కావాలంటే ముందు పండు ఏరుకో," అంది చురకమ్మ.

రాజు చెట్టు కింద రాలిన వెలగపండు ఒకటి తీశాడు. మోకాలి ఎత్తు నుంచి నేల మీద వదిలాడు. అది ఎగిరి పడింది. రెండోది వదిలాడు. అదీ ఎగిరింది. మూడోది వదిలాడు. 'దబ్'మని పడి, పడ్డచోటే ఉండిపోయింది. పండింది అదే. ఎగిరేవి పచ్చివి. అవ్వ ఇలాగే చూసేది. ఆ సంగతి తన చేతులకు ఇంకా గుర్తుందని తెలిసి అతని కళ్లు తడిశాయి.

"నా కొలువంతా ఎగిరే కాయలే ఏరుకున్నాను," అన్నాడు.

"ఏరుకున్నది నువ్వే అని తెలిసింది, సంతోషం. పద," అంటూ చురకమ్మ అతని భుజం మీద వాలింది.

మర్నాడు రాజు వంటింట్లో అవ్వ పీట వేసుకుని కూర్చున్నాడు. అటక మీది రాతిచిప్ప దింపించాడు. గుజ్జు తనే వడకట్టాడు, దానిమ్మ తనే నలిపాడు, దబ్బపండు తనే పిండాడు. మొదటి చుక్క చురకమ్మకు పెట్టాడు.

"చప్పన!" అంది.

ఉప్పు వేశాడు.

"బెల్లం దండిగా పడింది! ఇంకా ఆ చెరుకురసం మనిషివేనా నువ్వు?"

పక్కన నిలబడ్డ లలితాంగుడు రెండడుగులు వెనక్కి వేశాడు. రాజు మాత్రం చిన్నప్పటిలా పొట్ట పట్టుకుని నవ్వి, మరో దబ్బచెక్క పిండాడు. మూడోసారి చురకమ్మ రుచి చూసింది.

"అవ్వ రుచి వచ్చిందా?" అన్నాడు రాజు, ఊపిరి బిగబట్టి.

"రాలేదు," అంది చురకమ్మ. "అవ్వ చేతి రుచి అవ్వతోనే వెళ్లిపోయింది, నాయనా. అది ఇక రాదు. ఇది నీ చేతిది. ఇదీ బాగుంది." అని రెక్కలు టపటపలాడించింది.

రాజు కళ్లు తుడుచుకున్నాడు. ఏడుపూ వచ్చింది, హాయిగానూ అనిపించింది.

ఇక జనాన్ని పిలవాలి. దండోరా వేయిద్దామన్నారు కొలువువాళ్లు. "వద్దు," అన్నాడు రాజు. "వాళ్లు రెండుసార్లు నా దగ్గరికి వచ్చారు. ఈసారి నేను వెళతాను." రాతిచిప్పను కావడిబద్దకు కట్టించి, ఒక కొస తన భుజానికే ఎత్తుకున్నాడు. రెండో కొస లలితాంగుడి భుజం మీద పెట్టాడు. పాపం, ఆ భుజం అలాంటి బరువు ఎన్నడూ ఎరగదు.

దగ్గరి పల్లెకు చేరారు. రచ్చబండ ముందు ఆకులు పరిచారు. జనం తలుపుల సందుల్లోంచి చూశారు. ఎవరూ కదల్లేదు. చివరికి సిద్ధవ్వ అనే ముసలమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి ఆకు ముందు కూర్చుంది. రాజే దోసకాయ ముక్కలు వడ్డించాడు. రాజే పచ్చిపులుసు పోశాడు.

సిద్ధవ్వ ఒక ముక్క నోట్లో వేసుకుంది. బోసినోటితో నెమ్మదిగా నమిలింది. ఊరంతా ఆమె నోటికేసే చూస్తోంది.

"ఎలా ఉంది, అవ్వా?" అన్నాడు రాజు.

"అమృ..." అని లలితాంగుడు మొదలుపెట్టబోయాడు. చురకమ్మ అతనికేసి ఒక చూపు చూసింది. మాట గొంతులోనే ఆగిపోయింది.

సిద్ధవ్వ రాజు ముఖంలోకి చూసింది. "బాగుంది నాయనా. ఉప్పే ఒక్క రవ్వ తక్కువైంది."

కొలువువాళ్ల పైప్రాణాలు పైనే పోయాయి. గుణధరుడి ముఖం మాత్రం విప్పారింది. మూడేళ్లలో జనం నోట అతను విన్న మొదటి మంచిమాట అదే! లేచి, ఉప్పుగిన్నె పట్టుకుని, తన అవ్వ వెళ్లినట్టే గబగబా వెళ్లాడు.

అది చూసి ఒక తలుపు తెరుచుకుంది. తర్వాత ఇంకొకటి. చూస్తుండగానే రచ్చబండ ముందు బారు నిండిపోయింది. పిల్లలు ఆకులు నాకారు. ఒకరు మిరియాల ఘాటు ఎక్కువైందన్నారు. ఒకరు కాలువ గట్టు తెగి రెండేళ్లయిందన్నారు. ఒకరు మేత లేదన్నారు. రాజు అన్నిటికీ తల ఊపుతూ, ఆకు ఆకుకూ వంగి వడ్డించాడు. తల మీద కిరీటం లేదు కాబట్టి వంగడానికి ఏ అడ్డూ లేదు.

మర్నాడే పనివాళ్లు కాలువ గట్టుకు బయల్దేరారు. కంసాలి వచ్చి కిరీటం సరిచేశాడు. చురకమ్మ మళ్లీ కిటికీ మీదికి చేరింది. ఆ తర్వాత ఏ శరత్తులోనూ మంజుగిరి పంక్తిలో ఆకు ఖాళీగా మిగల్లేదట.

కాబట్టి పిల్లలూ, ఇదీ ఈ కథ నీతి: అంతా బాగుందనేవాళ్ల మధ్య కూర్చుంటే మన లోటు మనకు కనబడదు, ఉప్పు తక్కువైందని చెప్పేవాళ్లను దగ్గర ఉంచుకున్నవాడే దాన్ని సరిదిద్దుకోగలడు.